రెండేళ్ళ మాట, డెబ్భై ఏళ్ళ ఉత్తరం

"వాగ్దానం నెరవేరలేదంటే ఇచ్చిన దేవుడిలో లోపం లేదు, పొందుకున్న మనలోనే ఉంది." పోయిన నెల ఒక గృహ కూడికలో ఈ మాట మళ్ళీ విన్నాను. చెప్పిన దైవజనుడు మంచి మనిషి, ఆ కుటుంబం కోసం ఉపవాసం ఉండి వచ్చారు. ఆ ఇంటి పెద్దబ్బాయికి రెండోసారి ఉద్యోగం పోయింది. సంవత్సరం మొదట్లో తమకు వచ్చిన వాగ్దాన వచనాన్ని, అంటే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాటగా అందుకున్న బైబిలు వచనాన్ని, వాళ్ళు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. ఆ మాట విన్నాక వాళ్ళమ్మ ముసుగు ఇంకొంచెం ముందుకు లాక్కుని తల వంచుకుంది. ఆవిడ అప్పుడు తనలో ఏం వెతుక్కుంటోందో నాకు తెలుసు. అలా వెతుక్కున్న మనిషిని మా ఇంట్లోనే చూశాను.

ఆమె మా పెద్దమ్మ కూతురు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. ఒక డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటాక పళ్ళెంలోంచి అక్క తీసిన కార్డుమీద 113వ కీర్తన ఆఖరి వచనం ఉంది. సంతులేని స్త్రీని ఇల్లాలిగా, పిల్లల తల్లిగా చేస్తాడన్న వచనం. పక్కనున్నవాళ్ళు చదివి గట్టిగా స్తోత్రం అన్నారు, సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ ఏడే కడుపు పండింది. ఐదో నెలలో పోయింది. ప్రార్థన చేయడానికి ఇంటికొచ్చిన ఒక పాస్టరుగారు సరిగ్గా ఇదే మాట అన్నారు. ఆ తర్వాత అక్క చాలాకాలం చర్చికి రాలేదు. అడిగినవాళ్ళకు ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటే: "బిడ్డ పోయిందని కాదు. నేనే పోగొట్టానన్నారు కదా, ఇంక ఏ మొహంతో రాను?"

విశ్వాసినిగా, విశ్వాసుల కోసమే ఇది రాస్తున్నాను. దేవుడు మాట ఇస్తాడని, నిలబెట్టుకుంటాడని నమ్ముతాను. కానీ నిరాశపడ్డవాళ్ళమీద ఆ నిరాశకు బాధ్యత కూడా మోపే ఈ బోధ, మనం కార్డులమీద అచ్చువేసుకునే వచనాలకే ఎదురు తిరుగుతుందని చెప్పదలిచాను.

పదకొండో వచనానికి ముందు

మన ఇళ్ళల్లో, క్యాలెండర్లమీద, ఆటోల వెనక, వాట్సాప్‌లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది యిర్మీయా 29:11. "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా..." దీన్ని చిన్నప్పటినుంచి కంఠతా చెప్పగలను. అది బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలో భాగమని మాత్రం సండే స్కూల్లో ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజైన యెకోన్యాను, పెద్దలను, పనివాళ్ళను చెరపట్టి బబులోనుకు తీసుకుపోయాడు. మిగిలినవాళ్ళు, పోయినవాళ్ళు కూడా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఎప్పుడు తిరిగి వస్తాం? ఉత్తరానికి ముందటి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరిముందు నిలబడి జవాబు చెప్పాడు. రెండేళ్ళు! రెండేళ్ళలో ఆలయ పాత్రలు తిరిగి వస్తాయి, రాజు తిరిగి వస్తాడు, బబులోను కాడి విరిగిపోతుంది. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడమీద పెట్టుకున్న కొయ్యకాడిని లాగి విరగ్గొట్టి మరీ చూపించాడు. ఆ రోజు అక్కడ ఎంతమంది ఏడ్చి ఉంటారో, ఎంతమంది ఒకరినొకరు కౌగిలించుకుని ఉంటారో ఊహించగలను. చెరలో కొడుకున్న తల్లికి అంతకన్నా మంచి వాక్యం ఏముంటుంది?

ఇక్కడ యిర్మీయా అన్న మొదటి మాట నన్ను ప్రతిసారీ ఆపేస్తుంది. ఆమేన్ అన్నాడు. దేవుడు అలాగే చేయాలి, నీ మాటలే నిజం కావాలి అన్నాడు. అంటే ఆయనకూ అదే కావాలి. ఆయనేమీ జనం బాధపడితే చూడాలనుకున్నవాడు కాడు. తర్వాత మాత్రం, సమాధానం కలుగుతుందని ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతణ్ణి దేవుడు పంపాడని తేలుతుందని చెప్పి, తన దారిన వెళ్ళిపోయాడు. దేవుడు పంపితే మళ్ళీ వచ్చి అసలు సంగతి చెప్పాడు: కొయ్యకాడి స్థానంలో ఇనుపకాడి రాబోతోంది. ఈ జనం అబద్ధాన్ని నమ్ముకునేలా చేశావని హనన్యాతో ముఖాముఖి అన్నాడు. అదే ఏడు, ఏడో నెలలో హనన్యా చనిపోయాడు.

మనం ఫ్రేము కట్టించుకునే వచనం ఆ వెంటనే వచ్చే ఉత్తరంలో ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థన చేయండి. డెబ్భై సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని దర్శిస్తాను. అప్పుడు వస్తుంది పదకొండో వచనం. ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే విన్న నలభై ఏళ్ళ మనిషికి, తను యెరూషలేము మళ్ళీ చూడనని అర్థమైపోతుంది. నిరీక్షణ ఉందని, అది తన ఆయుష్షులో కాదని ఒకే గుక్కలో చెప్పిన వచనం అది.

హనన్యా దేవుడి శక్తిని తక్కువ చేయలేదు, ఎక్కువే చేశాడు. అతని తప్పు గడువు కుదించడంలో ఉంది. జనవరి 1న మైకు పట్టుకుని "ఈ సంవత్సరం మీ ఇంట్లో" అని మొదలుపెట్టే ప్రతి ప్రకటనా ఆ గడువునే కుదిస్తోంది. డిసెంబరు వచ్చేసరికి ఆ ఇంట్లో ఏమీ జరగకపోతే, మాట ఇచ్చినవాళ్ళు ఇంకో ఊళ్ళో సభల్లో ఉంటారు. లెక్క మాత్రం ముసుగులో తల వంచుకున్న ఆ తల్లి చెప్పుకోవాలి.

పళ్ళెంలో కార్డు తీసే చెయ్యి

ఈ వాదన మొదటిసారి మా సంఘంలోని ఒక పెద్దావిడ దగ్గర చెప్పాను. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఇళ్ళల్లో పనిచేసి బతుకుతుంది. ఏటా వచ్చిన కార్డును బైబిలు అట్టలో దాచుకుంటుంది. కార్డులు పంచడం ఆపేస్తే మంచిదన్నాను. ఆవిడ నావైపు చూసి, "నెరవేరిందా లేదా అని పొద్దుకుంకేసరికి లెక్కేసుకోడానికి కాదమ్మా. ఏడాదిలో ఆ ఒక్క రాత్రి నా చేతికి, నా ఒక్కదానికే ఒక మాట వస్తుంది. మిగతా రోజులన్నీ ఎవరో ఒకళ్ళు నాకు పని చెప్పేవాళ్ళే" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. చదువుకుని, సందర్భం తెలుసుకుని, వ్యాఖ్యానాలు తిరగేసే తీరిక ఉన్న నాలాంటిది ఆవిడ చేతిలోంచి కార్డు లాక్కోవడం న్యాయం కాదు. పైగా బైబిల్లో ఒక్క మనిషికి, ఒక్క ఇంటికి, గడువు పెట్టి ఇచ్చిన మాటలు లేకపోలేదు. జబ్బుపడ్డ హిజ్కియా రాజు గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. పిల్లల్లేని హన్నా మొర పెట్టుకున్న మరుసటి ఏడు సమూయేలు పుట్టాడు. దేవుడు త్వరగా చేయడని, వ్యక్తిగతంగా మాట్లాడడని నేనంటే అదీ తప్పుబోధే అవుతుంది.

అందుకే నా అభ్యంతరం కార్డుమీద కాదని తర్వాత స్పష్టమైంది. ఆవిడ కార్డును అందుకునే తీరు వేరు, దాన్ని వేదికమీంచి వాడే తీరు వేరు. ఆవిడకు అది పలకరింపు. వేదికమీద అదే వచనం హామీపత్రం అవుతుంది, ఆ తర్వాత విశ్వాసానికి పరీక్షాపత్రం అవుతుంది. హిజ్కియాకు యెషయా ప్రవక్త వచ్చి, అతనికే, అతని సంగతే చెప్పాడు. పళ్ళెంలోంచి నా చేతికి తగిలిన కాగితానికి, ఆ మాటకు ఉన్నంత బరువు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

ఒంగోలు కొండమీద ఒక జనవరి 1

జనవరి 1 సంగతి వచ్చింది కాబట్టి మా ప్రాంతం సంగతి చెప్పకుండా ఉండలేను. ఒంగోలు బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టిన ఎవరికైనా ప్రార్థన కొండ కథ తెలుసు. 1854 జనవరి 1, తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. అంతకుముందు ఏడే అమెరికాలో ఈ తెలుగు మిషన్‌ను మూసేయాలా వద్దా అన్న చర్చ జరిగింది. ఏళ్ళ తరబడి ఖర్చు, ప్రయాస, చూపించుకోడానికి గుప్పెడు మంది కూడా లేరు. మిషన్ పటంలో నెల్లూరు దగ్గర ఒక్కటే చుక్క ఉండేది కాబట్టి దానికి ఒంటరి నక్షత్రం అని పేరొచ్చింది. ఆ కొండమీది ప్రార్థన, మూతపడబోయిన పని తాలూకు ప్రార్థన.

వార్షికోత్సవాల్లో ఈ కథ కొండమీంచి ఒక్క గెంతులో గుండ్లకమ్మ దాకా వెళ్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. అందరం స్తోత్రం అంటాం. నేనూ అంటాను, నిండు మనసుతో అంటాను.

కానీ ఆ గెంతు కింద ఇరవై నాలుగేళ్ళున్నాయి. కొండమీద ప్రార్థన జరిగాక ఒంగోల్లో నిలిచి పనిచేయడానికి మిషనరీ క్లౌ దొర వచ్చింది 1866లో. పన్నెండేళ్ళ తర్వాత. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడితే అందులో ఉన్నది ఎనిమిది మంది. యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు ఊరూరా నడిచి, బంధువుల గుడిసెల్లో కూర్చుని చెప్పిన మాటలు ఆ తర్వాతి ఏళ్ళవి. ఆ పైన 1876–78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది చచ్చిపోయిన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని, కూలి దొరికేలా చేశాడు. ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ రాకూడదని, వచ్చారన్న మాటా పడకూడదని. నది ఒడ్డున ఆ జనం నిలబడింది ఆ ఆపుదల తర్వాతే.

ఈ మధ్య భాగాన్ని మనం ఎందుకు మింగేస్తున్నాం? పన్నెండేళ్ళ ఖాళీ, ఎనిమిది మంది సంఘం, కరువులో శవాలు. ఇవి సాక్ష్యానికి అడ్డమా? నాకైతే ఇవే సాక్ష్యం. కొండమీద ప్రార్థించినవాళ్ళు ఆ ఏడాది డిసెంబరులో లెక్క చూసుకుని ఉంటే ఏమయ్యేది? పైగా గుండ్లకమ్మకు నడిచివచ్చినవాళ్ళలో, ఆ కరువులో బిడ్డనో తల్లినో పూడ్చిపెట్టి రాని ఇల్లు ఎన్ని ఉండి ఉంటాయి? వాళ్ళు దుఃఖం తీరిపోయి నీళ్ళలో దిగలేదు. దుఃఖంతోనే దిగారు.

కాలదోషం

నా స్నేహితురాలొకామె వకీలు, దేవుణ్ణి నమ్మదు. ఇదంతా విని ఆమె అన్నది నన్ను కొన్నాళ్ళు నిద్రపోనివ్వలేదు. "ప్రోనోటు రాసిచ్చి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. కోర్టులో చెల్లదు. మీ దేవుడి నోటుకు కాలదోషమే లేదంటున్నావు. అప్పుడు ఏ నోటూ ఎప్పుడూ ఎగ్గొట్టినట్టు తేలదు కదా. ఎగ్గొట్టడానికి వీలే లేని అప్పు అసలు అప్పేనా?"

గట్టి ప్రశ్న. హనన్యాను విమర్శించి నేను గడువు తీసేస్తే, ఓడిపోయే అవకాశం లేని నమ్మకాన్ని తయారుచేస్తున్నానేమో. నేను చెప్పగలిగింది ఇంతే. యిర్మీయా గడువు తీసేయలేదు, నిజమైన గడువు పెట్టాడు. బబులోను పడిపోయింది. క్రీ.పూ. 538లో కోరెషు రాజు ఆజ్ఞతో యూదులు తిరిగి వచ్చారు. రాకపోయి ఉంటే యిర్మీయా ఉత్తరం ఈ రోజు ఎవరి దగ్గరా ఉండేది కాదు. తేలిన నోటు అది.

కానీ తేలిన తీరు చూడండి. ఎజ్రా మూడో అధ్యాయంలో కొత్త ఆలయానికి పునాది వేస్తారు. బూరలు, తాళాలు, కేకలు. బబులోనువాళ్ళు కూల్చిన మొదటి మందిరాన్ని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు మాత్రం గొంతెత్తి ఏడ్చారు. ఏది సంతోషపు కేకో, ఏది ఏడుపో వినేవాళ్ళకు తెలియలేదట. అది రాసినవాడు ఆ ఏడుపును దాచలేదు, ఆ ముసలివాళ్ళను కృతజ్ఞత లేనివాళ్ళని తిట్టలేదు. వాగ్దానం నెరవేరిన రోజున కూడా, పోయింది పోయినట్టే తెలిసింది వాళ్ళకు. మన సాక్ష్యాల కూడికల్లో ఆ ముసలివాళ్ళకు చోటు లేదు. "పోగొట్టుకున్నదానికి రెండింతలు ఇచ్చాడు" అన్నవాళ్ళకే మైకు.

యోబు పిల్లలు

రెండింతలు అనగానే ఆస్తినీ పిల్లలనూ పోగొట్టుకున్న యోబు గుర్తొస్తాడు. ఏడువేల గొర్రెలు పోతే పద్నాలుగువేలు వచ్చాయి. మూడువేల ఒంటెలు ఆరువేలయ్యాయి. ఎద్దులు, గాడిదలు అన్నీ రెట్టింపు. పిల్లలు మాత్రం మొదట పదిమంది, తర్వాతా పదిమందే. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. దీనికి మన ప్రసంగాల్లో ఒక వివరణ ఉంది: గొర్రెలు చస్తే పోయినట్టే, పిల్లలు చనిపోయినా దేవుడి దగ్గర ఉన్నారు, అందుకని పది ఇస్తేనే రెట్టింపు అయిందని. చిన్నప్పుడు ఇది లెక్క సరిచేయడానికి చెప్పిన మాటలా తోచేది. ఇప్పుడు అందులో నా నమ్మకం మొత్తం ఉందనిపిస్తోంది. తర్వాతి పదిమంది ముందటి పదిమందికి బదులు కాదని యోబు గ్రంథం అంకెలతో ఒప్పుకుంటోంది. మనిషికి మనిషి బదులు రాడు. పోయినవాళ్ళే తిరిగి రావాలి.

మరి పోయినవాళ్ళే తిరిగి రావడమన్నది మన విశ్వాసంలో ఎక్కడుంది? జనవరి 1న లేదు, ఈస్టరు ఆదివారంలో ఉంది. ఎమ్మాయు దారిలో ఆ ఇద్దరు శిష్యులు, ఇశ్రాయేలును విడిపించేవాడు ఈయనేనని ఆశపెట్టుకున్నామని చెప్పుకుంటూ నడుస్తున్నప్పుడు పక్కన నడిచినవాడు, చనిపోయి లేచిన యేసు, వాళ్ళ ఆశ తప్పని అనలేదు. అవిశ్వాసాన్ని మందలించాడు, నిజమే, కానీ పట్టణానికి తిరిగి పొమ్మని గద్దించలేదు. వాళ్ళతో నడిచాడు, లేఖనాలు వివరించాడు, ఇంట్లోకి వెళ్ళి రొట్టె విరిచాడు. ఆయన చేతులకు మేకుల గాయాలు ఉన్నాయి. మరణాన్ని గెలిచి లేచినవాడి ఒంటిమీద కూడా జరిగినదాని గుర్తు ఉంది. పునరుద్ధరణ అంటే ఏమీ జరగనట్టు చేయడం కాదని ఇంతకన్నా పెద్ద రుజువు నాకు అక్కర్లేదు.

అందుకే ఈ లోకంలో మనకు దొరికే ప్రతి పునరుద్ధరణా సగమే. ఉద్యోగం తిరిగి రావచ్చు, పోయిన ఏళ్ళు రావు. జబ్బు నయం కావచ్చు, ఆ భయం ఒంట్లో మిగులుతుంది. ఈ సగాన్ని పూర్తి అని చాటించుకునే బదులు, సగాన్ని సగమని ఒప్పుకుని, మిగతాది పునరుత్థానం రోజున అడగడానికి దాచుకోవడమే నాకు తెలిసిన విశ్వాసం. బైబిల్లోని హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలోని విశ్వాసులంతా వాగ్దానాన్ని దూరం నుంచి చూసి వందనం చేసి చనిపోయారు. వాళ్ళను విశ్వాసలోపం ఉన్నవాళ్ళని ఎవరూ అనరు.

యిర్మీయా కూడా అంతే. యెరూషలేము ముట్టడి జరుగుతుండగా, తను చెరసాల ప్రాంగణంలో ఉండగా, శత్రువుల చేతిలో ఉన్న అనాతోతు పొలాన్ని పినతండ్రి కొడుకు దగ్గర పదిహేడు తులాల వెండికి కొన్నాడు. క్రయపత్రం రాయించి, సాక్షులను పెట్టి, మట్టికుండలో దాచమని తన లేఖకుడు బారూకుకు ఇచ్చాడు. ఇచ్చిన వెంటనే ప్రార్థనలో, పట్టణం పోతుంటే పొలం కొనమంటావేమిటని దేవుణ్ణే అడిగాడు. కొనడమూ అడగడమూ రెండూ చేశాడు. ఆ పొలం ఆయన దున్నలేదు. ఆఖరికి ఆయన ఇష్టానికి విరుద్ధంగా ఐగుప్తుకు తీసుకుపోయారు.

అక్క మళ్ళీ చర్చికి వస్తోంది. ఆమెను తీసుకొచ్చింది ఏ ప్రసంగమూ కాదు. మా పాత పాస్టరమ్మగారు ఒక మధ్యాహ్నం వాళ్ళింటికెళ్ళి, ఏ ఓదార్పూ చెప్పకుండా 88వ కీర్తన చదివారట. చాలా కీర్తనల్లా అది చివర్లో స్తుతికి తిరగదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. "ఇది కూడా బైబిల్లో ఉందా అమ్మగారూ?" అని అక్క అడిగిందట. పిల్లలు పుట్టలేదు. వాళ్ళ వీధి పిల్లలు సాయంత్రాలు వాళ్ళింట్లోనే చదువుకుంటారు. ఒకసారి ఎవరో, దేవుడు నీకు ఇంతమంది పిల్లల్ని ఇచ్చాడుగా అంటే అక్క చాలా మెల్లగా, "వీళ్ళను ఇచ్చాడు, నిజమే. కానీ బదులుగా ఇచ్చాడనకండి. ఆ బిడ్డ లెక్క వేరే ఉంది, నేను ఆయన్నే అడుగుతాను" అంది. ఆ మాటలో ఉన్నంత విశ్వాసం నాలో లేదు.

పాస్టరుగార్లకు, దైవజనులకు, కూడికలు నడిపే అమ్మగార్లకు నా విన్నపం. కార్డులు పంచండి. పంచిన రాత్రి ఆ వచనమున్న అధ్యాయం ఇంటికెళ్ళి మొదటినుంచి చదవమని చెప్పండి. కడుపు పోయిన ఇంటికో, ఉద్యోగం పోయిన ఇంటికో ప్రార్థనకు వెళ్ళినప్పుడు మాత్రం లోపం ఎవరిదన్న లెక్క తీయకండి. ఏం చెప్పాలో తోచకపోతే 88వ కీర్తన చదవండి, వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి, వాళ్ళు ఇచ్చిన టీ తాగి, వచ్చే వారం మళ్ళీ వెళ్ళండి.